ఒక్క సంతకమే కదా అన్నప్పుడు

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. వెళ్లని తనిఖీకి వెళ్లినట్టు రిపోర్టు రాసి, "ఒక్క సంతకమే కదా" అంటూ పాత తేదీ వేసి సంతకం పెట్టమని పైవాళ్లు అడిగితే ఒకసారి పెట్టారు. ఆ రోజు నుంచి ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదు. వచ్చే వారం మళ్లీ అడుగుతారని మీకు తెలుసు. ఇంట్లో చెప్తే "అందరూ చేసేదే, నీకొక్కడికే ఉన్నాడా దేవుడు?" అన్నారు. ఇంత ఒత్తిడిలో దేవునికి నమ్మకంగా ఎలా ఉండాలి, ఉద్యోగం మానేయడం ఒక్కటే దారా, ఒకసారి పడిపోయినవాణ్ణి దేవుడు మళ్లీ దగ్గరకు తీస్తాడా అని మూడు అడిగారు.

నేను 31 ఏళ్లు లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. క్రైస్తవ సంఘంలో పెద్దగా ఉండటం వల్ల ఇలాంటి సంగతులు చాలానే విన్నాను. విన్నవాటికంటే నేను చేసినవే నాకు ఎక్కువ నేర్పాయి. వాటి గురించి కూడా దాచకుండా చెప్తాను.

మీరు చివర్లో అడిగినదానికి ముందు జవాబు చెప్పాలి. అది తేలకపోతే మిగతా రెండూ మీ చెవికెక్కవు. పేతురు యేసును ఎరగనని అన్నది ఎవరి ముందు? ఒక పనిపిల్ల ముందు. కత్తి లేదు, చెరసాల లేదు. చలికి మంట కాచుకుంటున్న నలుగురి మధ్య ఒక చిన్న ప్రశ్న, అంతే. యోహాను సువార్తలో ఆ మంట బొగ్గుల మంట అని ఉంటుంది. అదే సువార్త చివర, సముద్రం ఒడ్డున యేసు చేపలు కాల్చి పిలిచినప్పుడు కూడా అక్కడున్నది బొగ్గుల మంటే. మూడుసార్లు ఎరగనన్నవాణ్ణి మూడుసార్లు "నన్ను ప్రేమిస్తున్నావా" అని అడిగి, మందను చేతికి అప్పగించాడు. జరిగినదాన్ని జరగనట్టు దాటేయలేదు, దాని గురించి తిట్టనూ లేదు. పడిన చోటికే తీసుకెళ్లి లేపాడు. ఈ సంగతి మళ్లీ చివర్లో పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

"కానీ నేను పెట్టింది సంతకం, కాగితం మీద ఉండిపోయింది" అని మీరు రాశారు. కాగితం సంగతి సంఘానికి కొత్తేమీ కాదు. 250వ సంవత్సరంలో రోమా చక్రవర్తి డెసియస్, సామ్రాజ్యంలో అందరూ దేవతలకు బలి అర్పించి, అధికారుల ఎదుట అర్పించినట్టు ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పత్రాలు ఈజిప్టు ఇసుకలో దొరికాయి, నలభైకి పైగా ఉన్నాయి. చదివితే మన దరఖాస్తుల్లాగే ఉంటాయి: పేరు, ఊరు, "నేను ఎప్పుడూ దేవతలకు బలి అర్పిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట అర్పించాను, ధ్రువీకరించగలరు" అన్న నాలుగు ముక్కలు, కింద అధికారుల సంతకాలు. క్రీస్తును తిట్టమని అందులో ఎక్కడా లేదు. ఒక ఫారం, ఒక చిటికెడు ధూపం. కొంతమంది క్రైస్తవులు బలి అర్పించారు. ఇంకొంతమంది లంచమిచ్చి, బలి అర్పించకుండానే ఆ పత్రం తెచ్చుకున్నారు. మనసులో దేవుణ్ణే ఉంచుకున్నాం, కాగితమే కదా అనుకున్నారు. మీ మేనేజరు మీతో అంటున్న మాట 1,700 ఏళ్లనాటిది తమ్ముడూ.

హింస చల్లారాక, పడిపోయినవాళ్లను ఏం చేయాలన్న పెద్ద గొడవ లేచింది. రోములో నొవాషియన్ అనే ఆయన, వాళ్లను సంఘం మళ్లీ చేర్చుకోకూడదన్నాడు. మరోవైపు కొందరు, ఏ విచారణా లేకుండా వెంటనే చేర్చేసుకోవాలన్నారు. కార్తేజు బిషప్ సైప్రియన్, ఆయనతో కూర్చున్న బిషప్పులు 251లో రెండూ కాదన్నారు. ఎవరు ఏ పరిస్థితిలో ఏం చేశారో ఒక్కొక్కరిదీ విడిగా చూడాలి, పశ్చాత్తాపానికి సమయం ఇవ్వాలి, తలుపు మాత్రం మూయకూడదు. ఆ సైప్రియనే 250లో పట్టుబడకుండా దాక్కుని, ఉత్తరాలతో సంఘాన్ని నడిపాడు. పారిపోయాడని చాలామంది ఎత్తిపొడిచారు. 258 సెప్టెంబరు 14న మాత్రం నిలబడి తల ఇచ్చాడు. ఒకరోజు తప్పుకున్నవాడు ఇంకోరోజు నిలబడలేడని ఎవరన్నారు?

కాబట్టి దేవుడు మిమ్మల్ని వదిలేయలేదు. మరి ప్రార్థనలో మాట ఎందుకు రావడం లేదంటే, నాకు తోచిన కారణం ఒకటుంది. దాన్నీ చివరికి ఉంచుతాను.

ఇప్పుడు నిలబడటం సంగతి. ధైర్యం అనేది ఆ గదిలో, ఆ నిమిషంలో పుడుతుందని మనం అనుకుంటాం. నా అనుభవంలో అలా పుట్టడం నేను చూడలేదు. ఎదురుగా అధికారి కూర్చుని, పెన్ను మూత తీసి చేతికిచ్చి, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ వేలితో సంతకం పెట్టాల్సిన చోటు చూపిస్తే, ఆ రెండు సెకన్లలో మనిషి ఆలోచించడు. ముందు రోజు ఏది నిర్ణయించుకున్నాడో అదే చేస్తాడు. ఏదీ నిర్ణయించుకోకపోతే చెయ్యి దానంతటదే సంతకం పెట్టేస్తుంది.

దానియేలును చూడండి. అందరూ సింహాల గుహ గురించి చెప్తారు, నాకు మొదటి అధ్యాయమే ఎక్కువ ఇష్టం. బబులోను వాళ్లు పెట్టిన బెల్తెషాజరు అన్న పేరుకి పలికాడు. వాళ్ల భాష, వాళ్ల విద్య నేర్చుకున్నాడు. తనను చెరపట్టిన రాజు కొలువులోనే ఉద్యోగం చేశాడు. ఈ రోజుల్లో అయితే ఇందులో ఒక్కో దానికీ ఒక్కో విశ్వాసి "రాజీపడ్డాడు" అనేవాడు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు. అదీ పళ్లెం ముందు కూర్చున్నాక తీసుకున్న నిర్ణయం కాదు, ముందే మనసులో ఖాయం చేసుకున్నాడని రాసి ఉంది. ఆ తర్వాత చేసింది ఇంకా బాగుంటుంది. కేకలు వేయలేదు, నిరాహార దీక్ష చేయలేదు. అడిగాడు. పై అధికారి "నీ ముఖం వాడిపోతే రాజు నా తల తీయిస్తాడు" అంటే, ఆ భయం నిజమని గుర్తించాడు. కింది అధికారి దగ్గరికెళ్లి "పది రోజులు చూడండి, తర్వాత మీ ఇష్టం" అన్నాడు.

మీ మేనేజరు కూడా ఎవరికో భయపడుతున్నాడు. ఎవరికో, దేనికో తెలుసుకోండి. గడువు దాటితే పైనుంచి అక్షింతలు పడతాయన్న భయమైతే, దానికి మీ దగ్గర వేరే దారి ఉండాలి: "సర్, నేను ఎల్లుండి వెళ్లి చూసి, ఆ రోజు తేదీ వేసి ఇస్తాను. ఆలస్యానికి కారణం నేనే రాస్తాను, మీ పేరు రాదు." ఈ మాట అనడానికి మీకు వేదాంతం అక్కర్లేదు. ఆ గదిలో దేవుని పేరు ఎత్తాల్సిన అవసరం కూడా లేదు. "నేను విశ్వాసిని, నేను ఇలాంటివి చేయను" అంటే ఎదుటివాడికి వినపడేది "నువ్వు పాపివి" అని. మొదటిసారి నేను ఆ తప్పే చేశాను. ఆ తర్వాత ఆయన నాతో పోట్లాడింది రిజిస్టరు గురించి కాదు, తన పరువు గురించి.

ఏది గీత, ఏది కాదు అన్నది కూర్చుని తేల్చుకోండి. ఇక్కడే చాలామంది తడబడతారు. దేవుని మాట, మన మనస్సాక్షి, మన అలవాటు, మన అహం అన్నీ కలిపి ఒకే మూట కట్టి, దాని మీద "విశ్వాసం" అని రాసుకుంటారు. అబద్ధపు సాక్ష్యం చెప్పకూడదు అన్నది ఆజ్ఞ. మీ రిపోర్టు దాని కిందికే వస్తుంది, అందులో అనుమానం లేదు. ఆఫీసులో ఎవరో వేరే మతం పండగకు దీపం వెలిగిస్తుంటే పక్కన నిలబడాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. సిరియా సైన్యాధిపతి నయమాను కుష్ఠు బాగయ్యాక ప్రవక్త ఎలీషాను అదే అడిగాడు. రాజు నా చేతి మీద ఆనుకుని తన దేవుడైన రిమ్మోను గుడిలో వంగితే నేనూ వంగాల్సి వస్తుంది, యెహోవా నన్ను క్షమిస్తాడా అని. ఎలీషా ఉపన్యాసం ఇవ్వలేదు, సమాధానంగా వెళ్లమన్నాడు. నాకు ఇన్నేళ్లయినా ఆ జవాబు పూర్తిగా మింగుడుపడదు. కానీ కొత్తగా నమ్మినవాళ్లను నేను గద్దించబోయినప్పుడల్లా అది నన్ను ఆపుతుంది.

యూదా గురువులూ దీని మీద చాలా ఆలోచించారు. ప్రాణం మీదికి వస్తే ఏ ఆజ్ఞనైనా దాటి బతకవచ్చు, విగ్రహారాధన, వ్యభిచారం, హత్య ఈ మూడు తప్ప అని ఆ గురువుల బోధలున్న గ్రంథం తల్మూదులో ఉంది. ఖురాన్‌లో కూడా, మనసు విశ్వాసంతో నిబ్బరంగా ఉండి బలవంతం మీద నోటితో అన్నవాడికి మినహాయింపు ఉంది. ప్రాణాలు పోయే ఒత్తిడిలో నలిగినవాళ్లు చెప్పిన మాటలివి. మనకున్నది ఎక్కువసార్లు ఇంక్రిమెంటు పోయే ఒత్తిడి. వాళ్లకిచ్చిన మినహాయింపును మనం వాడుకోవడానికి సిగ్గుపడాలి.

అయితే కష్టం వెతుక్కుంటూ వెళ్లకండి. రెండో శతాబ్దంలో స్ముర్న బిషప్ పోలికార్పు విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయిన వృత్తాంతంలో క్వింటస్ అనే ఒకాయన ఉంటాడు. తనంతట తానే వెళ్లి అధికారులకు దొరికాడు, ఇంకొందరినీ ఎగదోసి తీసుకెళ్లాడు. క్రూర మృగాలను చూడగానే జావగారిపోయి బలి అర్పించాడు. పోలికార్పు మాత్రం స్నేహితుల మాట విని ఊరి బయట పొలంలో దాక్కున్నాడు, తర్వాత ఇంకో పొలానికి మారాడు. దొరికాక మాత్రం, 86 ఏళ్లు ఆయన్ను సేవించాను, నాకు ఏ కీడూ చేయని నా రాజును ఎలా దూషించను అన్నాడు. తమంతట తాము వెళ్లి దొరికిపోయేవాళ్లను మేము మెచ్చుకోం అని ఆ వృత్తాంతం రాసినవాళ్లే స్పష్టంగా రాశారు. రేపే రాజీనామా రాసి వాళ్ల ముఖాన కొడతానని మీరు అన్నారే, అది నాకు పోలికార్పులా లేదు, క్వింటస్‌లా ఉంది.

ఉద్యోగం మానడం తప్పు కాదు, కొన్ని చోట్ల అదే సరైనది. కానీ అహాబు రాజు ఇంట్లో, ప్రవక్తలను చంపిస్తున్న రాణి యెజెబెలు కళ్లెదుటే ఉద్యోగం చేస్తూ ఓబద్యా వంద మంది ప్రవక్తలను యాభై మంది చొప్పున గుహల్లో దాచి తిండి పెట్టాడు. అతను నీతిగా రాజీనామా చేసి ఉంటే వాళ్లకు తిండి ఎవరు పెట్టేవారు? నిజం రాసి ఉండగలిగినన్నాళ్లు ఉండండి. అబద్ధం రాస్తేనే ఉండనిస్తాం అన్న రోజున బయటికి రండి. ఆ రోజుకు ఇప్పటి నుంచే సిద్ధపడండి. ఇది భక్తి విషయంలా కనిపించదు గానీ, ఈఎంఐలు నెత్తి మీదున్నవాడి మనస్సాక్షికి గొంతు సన్నగా ఉంటుంది. కొత్త అప్పు చేయకండి. ఆర్నెల్ల ఖర్చు పక్కన పెట్టుకోవడం కూడా విశ్వాసంలో భాగమే అని నేను కుర్రవాళ్లకు చెప్తుంటాను, ఆదివారం చెప్తే నవ్వుతారు.

ఇక ఇంట్లోవాళ్లు. పైవాడి ఒత్తిడిని తట్టుకోవచ్చు, మనవాళ్లది కష్టం. ప్రహ్లాదుడి కథలో బాధపెట్టింది పరాయివాడు కాదు, తండ్రి. ఆస్ట్రియాలో ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్ అనే రైతు హిట్లర్ సైన్యంలో ఆయుధం పట్టనన్నాడు. ముగ్గురు చిన్న ఆడపిల్లలు. భార్య, ఊరివాళ్లు, చివరికి బిషప్ కూడా కుటుంబాన్ని చూసుకోమన్నారు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు, అతను బతకాలని కోరుకున్నవాళ్లే. వైద్య సేవలో చేస్తానన్నాడు, ఒప్పుకోలేదు. 1943 ఆగస్టు 9న చంపేశారు. మొదట ఒద్దని బతిమాలిన భార్య ఫ్రాంజిస్కా తర్వాత అతని పక్షాన నిలబడింది. భర్త పోయాక ఊరివాళ్లు చాలా ఏళ్లు ఆమెనే తప్పుపట్టారు. 2007లో కతోలిక సంఘం ఆయన్ను ధన్యుడిగా ప్రకటించినప్పుడు ఆమె ఆ సభలో ఉంది, తొంభై దాటిన వయసులో. మీ అమ్మానాన్నలు అడ్డుపడుతున్నారంటే దేవునికి శత్రువులని కాదు, మీకేమవుతుందోనని భయపడుతున్నారు. వాళ్లతో వాక్యం వాదించకండి. ఉద్యోగం పోతే ఎన్ని నెలలు నడుస్తుంది, తర్వాత ఏం చేయాలనుకుంటున్నారు అన్నది లెక్కవేసి చూపించండి. సగం భయం అక్కడే తగ్గుతుంది.

ఒంటరిగా ఉండకండి. 1950లలో సోలమన్ ఆష్ అనే మానసిక శాస్త్రవేత్త చేసిన పరీక్ష మీరు వినే ఉంటారు. గీతల పొడవు పోల్చి చెప్పమంటాడు. గదిలో ఒక్కడు తప్ప అందరూ ఆయన మనుషులే, కావాలని తప్పు చెప్తారు. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా, కళ్లతో చూస్తున్నదాన్ని కాదని గుంపుతో పాటు తప్పు చెప్పారు. ఆ గదిలో ఇంకొక్కడు నిజం చెప్తే చాలు, అలా లొంగడం బాగా తగ్గిపోయింది. ఒక్కడే చాలు. దానియేలుకు ముగ్గురు స్నేహితులున్నారు. ప్రవక్త ఏలీయా తానొక్కడినే మిగిలాననుకుని బదరీవృక్షం కింద పడి చావు కోరుకున్నాడు. దేవుడు ముందు నిద్రపోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్లు పెట్టించి మళ్లీ నిద్రపోనిచ్చాడు. బయలు అనే దేవతకు మోకరించనివాళ్లు 7,000 మంది ఉన్నారన్న మాట ఆ తర్వాతే. మీరు మూడు వారాలుగా సరిగ్గా నిద్రపోవడం లేదన్నారు. ఈ వారం ఉపవాసం ఉంటానని కూడా అన్నారు. నా సలహా అడిగితే ఉపవాసం తర్వాత పెట్టుకోండి, ముందు అన్నం తిని పడుకోండి. మీ ఆఫీసులో మీలాగే ఇబ్బంది పడుతున్నవాడు ఇంకొకడు తప్పకుండా ఉంటాడు. వాడు విశ్వాసి కాకపోయినా ఫరవాలేదు, టీ తాగేటప్పుడు మెల్లగా అడిగి చూడండి.

నా సంగతి చెప్తానన్నాను. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట, లెక్కలు మూసే రోజున, రాని సరుకు వచ్చినట్టు స్టాకు రిజిస్టర్లో సంతకం పెట్టాను. "లారీ దారిలో ఉందయ్యా" అన్నారు. తొమ్మిది రోజులకు లారీ నిజంగానే వచ్చింది. ఏమీ కాలేదు. అదే పెద్ద ప్రమాదం. ఏమీ కాకపోయేసరికి మరుసటి ఏడు ఇంకా తేలిగ్గా పెట్టాను. మూడోసారి లారీ రాలేదు. లెక్క తేలలేదు. నా సంతకం చూసి, సార్ పెట్టారు కదా అని పెట్టిన స్టోర్‌కీపరు జీతంలోంచి కోశారు. నా జోలికి ఎవరూ రాలేదు.

నాలుగోసారి అడిగితే పెట్టనన్నాను. మీరు ఎదురుచూస్తున్న అద్భుతం జరగలేదు. నన్ను పాత ఫైళ్ల గదికి మార్చారు, నా కింద పనిచేసినవాడు నాకు పైఅధికారి అయ్యాడు, రిటైరయ్యేవరకు ఆ తేడా పూడలేదు. మా ఆవిడ ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ జీతం లెక్క తీస్తుంది, ఆమె తప్పేం లేదు. అగ్నిగుండం ముందు షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే దానియేలు స్నేహితులు రాజు నెబుకద్నెజరుతో, మా దేవుడు రక్షించగలడు, రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు కదా. సాక్ష్యాలు చెప్పేటప్పుడు మనం మొదటి సగమే చెప్తాం. నాకు దొరికింది రెండో సగం. ఫైళ్ల గదిలో ఉన్న ఆ ఏళ్లలో ప్రార్థన మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

అయితే అది పెట్టనన్న రోజునే మొదలవలేదు. ఇదే నేను చివరికి ఉంచిన సంగతి. స్టోర్‌కీపరుది కోసిన తర్వాత నెలల తరబడి, మీలాగే, మోకరిస్తే నోరు పెగిలేది కాదు. క్షమించమని అడిగాను, ఉపవాసం ఉన్నాను, ఏడ్చాను. ఏదీ కదల్లేదు. ఒకరోజు వెళ్లి పై అధికారికి, ఆ సంతకం అబద్ధం అని కాగితం మీద రాసిచ్చాను. ఆయన దాన్ని చూసి పక్కన పడేశాడు. కోసిన డబ్బు నా జీతంలోంచి మూడు నెలల్లో ఆ స్టోర్‌కీపరుకు ఇచ్చాను. మొదటి నెల తీసుకోనన్నాడు. రెండో నెల తీసుకున్నాడు, నాతో ఒక్క మాటా మాట్లాడకుండా. ఆ రాత్రి ప్రార్థన వచ్చింది.

మీ అబద్ధపు రిపోర్టు ఇంకా ఫైల్లో ఉంది. తనిఖీ అన్నారు కాబట్టి, దాన్ని నమ్మి ఎవరో అక్కడ పనిచేస్తూనో తిరుగుతూనో ఉంటారు. అక్కడ అంతా బాగానే ఉండొచ్చు. లేకపోవచ్చు కూడా. వచ్చే వారం ఏం చెప్పాలన్న టెన్షన్ కాసేపు పక్కన పెట్టి, సెలవు పెట్టైనా సరే, మీరు వెళ్లినట్టు రాసిన ఆ చోటికి వెళ్లండి. చూడాల్సినవన్నీ చూడండి. ఆ రోజు తేదీతో, ముందు ఇచ్చిన రిపోర్టు చూడకుండా రాసింది, సరైనది ఇది అని రెండు వాక్యాలు పైన రాసి, కొత్త రిపోర్టు పెట్టండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. దానికి మీ మీద చర్య తీసుకోవచ్చు, అందుకని పెట్టేముందు ఇంట్లో చెప్పండి, సర్వీసు రూల్స్ తెలిసిన పెద్దవాళ్లెవరికైనా ఒకసారి చూపించండి. వెళ్లొచ్చాక అక్కడ ఏం కనపడిందో నాకు రాయండి.